మూడో డిస్కు

నాకు బజారులో ఒక పేరు పడింది. సొంత పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. "ఇంటర్వెల్ గారు" అనేవారు. పాలకొల్లు వాళ్ళకి మర్యాద ఎక్కువ, ఎగతాళికి కూడా గారు తగిలిస్తారు. ఆ పేరు పుట్టించినవాడు నా షాపుకి ఎదురుగానే సీడీల షాపు నడిపేవాడు. అతను పదిమంది ముందు తల దించుకుని నిలబడితే కళ్ళారా చూడాలని ఉండేది నాకు. అంత గట్టిగా నేను మరి దేన్నీ కోరుకోలేదు.

సినిమాలను ఖాళీ సీడీల మీదికి కాపీ కొట్టి అద్దెకిచ్చే రోజులవి. అది దొంగ వ్యాపారమని మాకు తెలుసు. పోలీసులొస్తున్నారని కబురు రాగానే డిస్కులన్నీ చీరల అట్టపెట్టెల్లోకి సర్దేసి, భక్తి పాటల కేసెట్లు ముందు పేర్చుకుని కూర్చునేవాళ్ళం. కానీ రోజూ మమ్మల్ని వేధించింది పోలీసులు కాదు, సీడీలో చోటు. ఒక సీడీలో ఎనభై నిమిషాల బొమ్మ పడుతుంది. ఆపైన ఒక్క డైలాగు కూడా పట్టదు. తెలుగు సినిమా రెండున్నర గంటలకి తగ్గదు. అందుకని ప్రతి సినిమాకీ రెండు డిస్కులు, రెండు జేబులున్న ప్లాస్టిక్ కవరు. రెండింట్లోనూ పట్టకపోతే మొదట తెర మీద పడే పేర్లు తీసేసేవాళ్ళం, అప్పటికీ పట్టకపోతే ఒక పాటకి ఎసరు పెట్టేవాళ్ళం. మూడో డిస్కు ఉన్న సినిమాని ఎవరూ అద్దెకి తీసుకునేవారు కాదు. కవరులో రెండుంటే బొమ్మ మొత్తం ఉన్నట్టే. ఊరంతటికీ అదే నమ్మకం.

మొదట్లో అతను నా షాపులోనే ఉండేవాడు. పెట్టుబడి నాది, పని అతనిది. సినిమాని ఎక్కడ రెండుగా కొయ్యాలో అతనికి తెలిసినట్టు నాకు తెలిసేది కాదు. పాట మొదలవబోయే చోటు చూసి కోసేవాడు. చూసేవాళ్ళు లేచి, డిస్కు మార్చి, మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చునే చోటన్నమాట. నేనైతే డిస్కు నిండినచోట కోసేసేవాణ్ణి. కత్తి ఎత్తడం ఒక డిస్కులో, అది దిగడం ఇంకో డిస్కులో. పైగా చవక డిస్కులు తెప్పించి, సీడీలు రాసే రైటర్‌ని దాని చేతనైనంత వేగంతో పరుగెత్తించేవాణ్ణి. అలా రాసినవి ప్లేయర్‌లో సగం దాకా ఆడి, బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయేవి. ఒకరోజు నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అలా ఆగిపోయిన డిస్కుని కౌంటరు మీద విసిరికొట్టాడు. నేను వెంటనే పక్కన పని చేసుకుంటున్న అతని వైపు వేలు చూపించి, "వీడి నిర్వాకమేనండి" అన్నాను. ఆ డిస్కు రాసింది నేను. అతను తన స్క్రూడ్రైవర్లు జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి ఎదురుగా అతని బోర్డు లేచింది.

అతను బుద్ధిమంతుడని నేను చెప్పడం లేదు. నాలుక పదును. ఎవరైనా వచ్చి నా షాపులో తీసుకున్న డిస్కు ఆడలేదంటే, రోడ్డు ఇవతలికి వినబడేలా అనేవాడు: "ఆయన డిస్కులంతేనండి, ఇంటర్వెల్ దాకా వస్తాయి. ఆయన డిగ్రీ కూడా సగంలోనే ఆగింది కదండీ!" నేను భీమవరంలో డిగ్రీ రెండో ఏడు ఎగ్గొట్టి వచ్చేసిన మాట నిజమే. ఆ సంగతి అతనికి చెప్పింది నేనే, బాగా ఉన్న రోజుల్లో. మా పక్కన ఒక టైలరు ఉండేవాడు. బజారు మాటలన్నీ అతని మిషను మీదే కుట్టుపడేవి. ఆ మాట మొదటిసారి పడ్డ మరునాడే నన్ను చూసి, "ఇంటర్వెల్ గారూ, టీ తాగారా?" అన్నాడు. వారం తిరిగేసరికి టీ కొట్టువాడూ అదే పిలుపు, కూరగాయలామె అదే పిలుపు.

నేను లోపల ఉడికిపోయాను. పోలీసులకి ఆకాశరామన్న ఉత్తరం రాద్దామనుకున్నాను. కానీ వాళ్ళు వస్తే రోడ్డు దాటి ఇవతలికీ వస్తారు. అతని బోర్డు లైటు వైరు కోయిద్దామనుకున్నాను. అన్నం తింటూ అతన్ని తిట్టే తిట్లు వరసలో పెట్టుకునేవాణ్ణి. నా భార్య, "ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అని అడిగేది. చివరికి నా మనసు ఒక్కచోట ఆగింది: అతని డిస్కు సగంలో ఆగిపోవాలి. అతని వాళ్ళందరూ చూస్తూండగా ఆగిపోవాలి.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు ముగింపుకొచ్చి గుడ్ ఫ్రైడే వస్తోందనగా అతని భార్య నా షాపుకొచ్చింది. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అతను నా దగ్గర పనిచేసిన రోజుల్లో ఇద్దరికీ సరిపడా క్యారేజీ పంపేది. మేం విడిపోయాక కూడా రోడ్డు మీద కనబడితే తల తిప్పుకునేది కాదు.

"బాగున్నారా అన్నయ్యగారూ? వదినగారు బాగున్నారా?"

"బాగున్నామమ్మా. కూర్చో."

"కూర్చోనండి. మీరు ఓ సాయం చెయ్యాలి. కాదనకూడదు." హ్యాండుబ్యాగులోంచి ఒక డీవీడీ తీసింది. ఏసుక్రీస్తు జీవితం మీద తీసిన సినిమా. విజయవాడ నుంచి చుట్టాలెవరో తెచ్చారట. "శుక్రవారం సాయంత్రం మా గుళ్ళో వేస్తానని ఆయన పాస్టరు గారికి మాటిచ్చేశారండి. తీరా చూస్తే గుళ్ళో ప్లేయర్‌కి డీవీడీ ఎక్కదు, మా కంప్యూటర్‌కీ ఎక్కదు. సీడీలు చెయ్యాలి. డీవీడీ ఎక్కేది ఈ బజారులో మీ ఒక్కరి దగ్గరే ఉంది కదా."

"మీ ఆయన పంపాడా?"

"ఆయనా? బాగానే ఉంది! పీక కోసినా మీ గడప ఎక్కరు. నేనే వచ్చాను. భీమవరంలో చేయించానని చెప్తాను. మీరూ ఎవరితో అనకండేం?"

వెళ్తూ వెళ్తూ ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఒకటి కౌంటరు మీద పెట్టింది. "పుట్టింటి నుంచి వచ్చాయండి. పిల్లలకివ్వండి" అంది.

నేను ఆ పని నిజంగానే శ్రద్ధగా చేశాను. మంచి డిస్కులు తీశాను. రైటర్‌ని నెమ్మదిగా నడిపించాను. సినిమా పొడుగు, రెండు డిస్కులు దాటి కొంచెం మిగిలింది. అందులో పాటల్లేవు, తీసేద్దామంటే తీసెయ్యగలిగిన ముక్క లేదు. సమాధికి రాయి అడ్డం పెట్టేదాకా రెండింట్లో సర్ది, రాయి దొర్లడం, ఆయన లేవడం మూడో డిస్కు మీదికి రాశాను. రాసిన డిస్కుని వెలుతురుకి పెడితే రాసినంత మేరా రంగు మారి కనబడుతుంది. మూడోదాంట్లో నడిమి బెజ్జం చుట్టూ సన్నటి ఉంగరమంత రంగు మారింది. మిగతాదంతా ఖాళీ.

డిస్కుల మీద నంబర్లు వేస్తున్నాను. ఎదురు షాపు మెట్ల మీద అతనూ టైలరూ టీ తాగుతున్నారు.

"అబ్బో, ఇంటర్వెల్ గారు తెగ రాసేస్తున్నారే!" అన్నాడు టైలరు.

"రాయనివ్వండి, రాయనివ్వండి. సగమేగా రాసేది" అన్నాడతను.

ఇద్దరూ నవ్వారు. నేను మూడో డిస్కుని తీసి సొరుగులో పెట్టాను. ఇంకేమీ చెయ్యలేదు. చెయ్యి ఒకసారి చాపితే పగ తీరిపోతుందని తెలిసి ఒళ్ళంతా చల్లబడింది.

ఆవిడ సాయంత్రం వచ్చి కవరు తిప్పి చూసింది. "రెండేనా అన్నయ్యగారూ?"

"ఏ సినిమాకైనా రెండేగా అమ్మా."

"మొత్తం వచ్చేసిందాండీ?"

"పట్టినంతా వచ్చింది."

ఆ జవాబుకి నన్ను నేను మెచ్చుకున్నాను. అబద్ధం కాదుగదా అనుకున్నాను. ఆ తర్వాత పొట్లం విప్పి పూతరేకులు తిన్నాను. డీవీడీ ఆవిడకి తిరిగిచ్చేశాను. కంప్యూటర్‌లో ఉన్న సినిమాని అప్పుడే తుడిచేశాను. ఇంకో సినిమాకి చోటు కావాలి, మా హార్డ్ డిస్కులో ఎప్పుడూ చోటుండేది కాదు. ఇక ఆ చివరి ముక్క ఉన్నది నా సొరుగులోనే.

శుక్రవారం పొద్దుగూకే వేళకి చర్చి ఆవరణకి వెళ్ళాను. టైలరు ఆ చర్చి మనిషే. నన్ను గేటు దగ్గర చూసి, "మీరొచ్చారేంటండీ, వింతే!" అని వెనక వరసలో కుర్చీ చూపించాడు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో, సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల ఆరాధన అయింది. చాలామంది పొద్దుట్నించీ ఏమీ తినలేదు. గుడి లోపలి గోడకి తెల్లదుప్పటి కట్టారు, ముందు అద్దె ప్రొజెక్టరు. దాని పక్కన అతను ఇస్త్రీ చొక్కాలో పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. మొదటి డిస్కు అయిపోగానే గబుక్కున రెండోది మార్చాడు. ఒకరిద్దరు, "భలే చేశాడు, ఎక్కడా తెగలేదు" అన్నారు. ఆ కోత నాది. అది అతను చేసేపాటి కోత. నాకు గర్వంగా ఉంది, మరి కాస్సేపట్లో వాడి పని అయిపోతుందని సంతోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉన్నాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సిలువ అయింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. దేహాన్ని దింపారు, గుడ్డ చుట్టారు, రాయి దొర్లించి మూశారు. డిస్కు అయిపోయి, దుప్పటి నిండా నీలం రంగు పరుచుకుంది.

అతను ప్లేయర్ దగ్గరికి వంగాడు. ట్రే బయటికి లాగాడు, లోపలికి తోశాడు. కవరు జేబులు వెతికాడు. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. తలలన్నిటి మీదుగా నా మొహం అతనికి దొరికింది. నేను నవ్వుతున్నాను. దాచుకోవాలనిపించలేదు. ఇక ఎవరో ఒకరు "ఏంటిది?" అని అరుస్తారని చూస్తున్నాను.

ముందు వరసలో ఒక ముసలావిడ గొంతు సవరించుకుంది. "బాగా ఆపావు నాయనా" అంది. "ప్రతి ఏడూ ఆయన్ని ఇవాళే లేపేసి, పిల్లలు ఈలలు వేసుకుంటా పోతన్నారు. శుక్రవారం సమాధి దగ్గరే ఆగాలి."

పాస్టరు గారు లేచారు. "అమ్మ చెప్పింది నిజం. ఇవాళ ఇక్కడితోనే వెళ్దాం, మాట్లాడుకోకుండా వెళ్దాం. మిగతాది ఆదివారం తెల్లవారి సమాధుల తోట నుంచి వచ్చాక చూద్దాం." అతని వైపు తిరిగి, "ఆలోచించి చేశావయ్యా" అన్నారు.

అతను చేతిలోని ఖాళీ కవరు మడిచాడు. "అవునండి. అందుకేనండి" అన్నాడు.

జనం చప్పుడు చెయ్యకుండా లేచి, పోతూ పోతూ అతని భుజం తట్టారు. నేను నా చేత్తో వాడికి సన్మానం చేయించాను. అందరూ వెళ్ళేదాకా కుర్చీలోనే కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళే దారిలో ఒక్క మాట పట్టుకుని తేరుకున్నాను. ఆదివారం. ఆ మిగతాది నా సొరుగులో ఉంది. వాడు నా గడప ఎక్కక తప్పదు.

శనివారం సంత వేళకి ఎక్కాడు. బజారు నిండుగా ఉంది. టైలరు మిషను ఆపాడు.

"ఎక్కడ చేయించిందో మా ఆవిడ చెప్పిందండి. మూడోది ఇవ్వండి" అన్నాడు.

"ఏ మూడోది? రెండింట్లో పట్టినంత చేసిచ్చాను."

"ఎనభై నిమిషాలని నాకూ తెలుసండి. మిగిలింది మీరు రాసే ఉంటారు. డీవీడీ నిన్న రాత్రే విజయవాడ వెళ్ళిపోయింది. లేకపోతే మీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు."

సొరుగు తెరిచి డిస్కు పైకెత్తి చూపించాను. "ఇదిగో. ఇస్తాను. ముందు ఈ మెట్ల మీద నిలబడి గట్టిగా చెప్పు, నా డిస్కులు సగంలో ఆగవని."

అతను బజారు వైపు తిరిగాడు. చెప్తాడనే అనుకున్నాను. "చెప్తే నమ్ముతారాండీ?" అన్నాడు. "నిన్న మీ డిస్కు సమాధి దగ్గర ఆగింది, ఊరంతా చూసింది."

టీ కొట్టువాడు మొదట నవ్వాడు. తర్వాత టైలరు. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో నాకు తెలియలేదు. డిస్కుని రెండు చేతులతో పట్టుకుని వంచాను. అది ఫట్‌మని విరిగి, వెండిపొర తునకలు కౌంటరు మీదా అతని చొక్కా మీదా పడ్డాయి. నా బొటనవేలు తెగింది.

"ఇప్పుడు తీసుకెళ్ళు" అన్నాను.

అతను చొక్కా దులుపుకున్నాడు. "దీనికి మాట పడేది మనిద్దరం కాదండి" అని, మెల్లగా మెట్లు దిగాడు. అప్పుడు ఆ మాట నాకు బెదిరింపులా వినబడింది.

ఆదివారం మధ్యాహ్నం టైలరు మా ఇంటికే వచ్చాడు. ఆ రోజు నన్ను ఇంటర్వెల్ గారూ అనలేదు. చీకటితో సమాధుల తోటకి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడుకుంటూ గుడికి వచ్చారట. దుప్పటి కట్టే ఉంది, పిల్లలు ముందు చాపల మీద సర్దుకున్నారు. పాస్టరు గారు, "కానివ్వయ్యా" అన్నారట.

"ఆడు నోరిప్పలేదండి. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నేను చెబుదామనే లేచాను. ఈలోపు ఆ టీచరుగారు ముందుకొచ్చారు" అన్నాడు టైలరు. "నేనే చేయించుకొచ్చానండి, మూడోది అడిగి తెచ్చుకోవడం నేనే మర్చిపోయాను, ఆయనకి తెలియదండి, అని చెప్పేశారు. ఎక్కడ చేయించారో మాత్రం చెప్పలేదు."

"జనం ఏమన్నారు?"

"ఏమంటారు? చదువుకున్న మనిషివి, ఆ మాత్రం చూసుకోవద్దా అన్నారు. ఆ ముసలావిడ, మొన్న నీ మొగుడు అందుకేనండి అన్నాడే, అది కూడా అబద్ధమేనా అంది. ఆవిడ తలొంచుకున్నారు. పాస్టరు గారు పుస్తకం తీసి చదివారు. పిల్లలకి బూందీ పెట్టి పంపేశారు."

అందరి ముందూ తల దించుకోవడం. నేను ఏడాది పాటు కోరుకున్నది సరిగ్గా అదే జరిగింది, తల దించుకున్న మనిషే వేరు. నాకు మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు, వాడి మీద కోపం. పెళ్ళాం మాట పడుతుంటే నోరు మూసుకు నిలబడ్డాడే అని పళ్ళు కొరికాను. ఆ కోపం మీద చాలా రోజులు బతికాను, అది నన్ను బాగానే మోసింది. టైలరు ఒకరోజు గుండీలు కుడుతూ, తలెత్తకుండా, "మరి మీరెప్పుడు చెప్తారండీ?" అని అడిగాడు. అప్పుడు దిగింది ఆ కోపం. పాస్టరు గారి ఇల్లు మా షాపు వెనక సందులోనే. వెళ్ళి, డిస్కు దాచింది నేను, విరిచింది నేను అని చెప్పడానికి పెద్ద దూరం లేదు. ఆ సందు మొదటిదాకా చాలాసార్లు వెళ్ళాను. అక్కడినుంచి తిరిగి వచ్చేసేవాణ్ణి. చెప్పలేదు. ఆ పాస్టరు గారు బదిలీ అయ్యాక ఇక చెప్పేవాళ్ళు లేరని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

తర్వాత తర్వాత సీడీలు పోయాయి. ఎదురు షాపులో అతను సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. నేను విస్తరాకులూ పేపరు గ్లాసులూ అమ్ముకుంటున్నాను. బజారు ఇప్పటికీ నన్ను ఇంటర్వెల్ గారనే పిలుస్తుంది. కుర్రవాళ్ళకి ఎందుకో తెలియదు, పిలుస్తారు, పలుకుతాను. అతన్ని నేను క్షమించానని రాస్తే అబద్ధం. అతని షట్టరు పైకి లేచిన చప్పుడు వినబడితే ఈనాటికీ నా దవడ బిగుసుకుంటుంది.

ఆ ఈస్టరు అయిన నెలకి కాబోలు, ఆవిడ జాకెట్లు తీసుకోవడానికి టైలరు దగ్గరికి వచ్చింది. నా కౌంటరు ముందు నుంచే వెళ్ళాలి. నేను మాటలు కూడబలుక్కుని ఉన్నాను. లేచి నిలబడ్డాను.

"అమ్మా" అన్నాను.

ఆగింది. కోపంగా చూడలేదు. బళ్ళో పిల్లల తండ్రి ఎవరో పలకరిస్తే ఆగినట్టు ఆగింది.

"ఏంటండీ?"

అన్నయ్యగారూ అంటుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను. అనలేదు.

"ఏం లేదమ్మా. బాగున్నారా?" అన్నాను. ఆవిడని మీరు అనడం అదే మొదటిసారి.

"బాగున్నామండి" అంది. వదినగారి సంగతి అడగలేదు. జాకెట్ల పొట్లం చంకలో పెట్టుకుని, రోడ్డు రెండు వైపులా చూసుకుని, అవతలికి దాటింది.